రాగి గిన్నెల్లో వండమన్నారు సరే, కళాయి మాటేది?

ఎడిటర్ గారికి నమస్తే.

మొన్నామధ్య మీ ఆదివారం పుస్తకంలో అమ్మమ్మల నాటి రాగి, ఇత్తడి గిన్నెలు మళ్ళీ వంటింట్లోకి వస్తున్నాయని రెండు పేజీల వ్యాసం వేశారు. ఫొటోలు బాగున్నాయి, ఆ తపేలాల మెరుపు చూస్తే నాకే ముచ్చటేసింది. నాన్‌స్టిక్ పెచ్చులూడుతుందనీ, సత్తు గిన్నెలు వద్దనీ, రాగిలో వండితే ఆరోగ్యమనీ అన్నీ రాశారు గానీ గిన్నె లోపల వేసే తగరం పూత, అదే కళాయి, ఆ మాట ఒక్కచోట కూడా రాయలేదు. నా కళ్ళు దాటేశాయేమోనని రెండోసారి కూడా చదివాను. లేదు.

అంత పట్టుకోవాల్సింది ఏముంది అనుకుంటారేమో, వినండి. మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఉంటుంది. మీ వ్యాసమే చదివిందో, ఫోన్లో వీడియోలే చూసిందో, మొత్తానికి రెండున్నర వేలు పోసి ఇత్తడి తపేలా కొని ఆ వారమే అందులో టమాటా చారు కాచింది. సాయంత్రం ఫోను. "పెద్దమ్మా, చారు అదోలా కనరుగా ఉంది, పిల్లాడు రెండు ముద్దలు తిని కక్కేశాడు, ఏం తప్పు చేశానంటావ్?" గిన్నె లోపల ఏ రంగులో ఉందే అని అడిగాను. బయట ఎలా ఉందో అలాగే, పచ్చగా బంగారంలా ఉంది అంది. ఇక చెప్పేదేముంది, ముందు ఆ చారు పారబోయమన్నాను. వాడికి ఆ పూటకే తగ్గిపోయింది, అది మా అదృష్టం.

ఇత్తడి అంటే రాగీ జింకూ కలిపిందే కదా. చింతపండు, టమాటా, నిమ్మరసం, మజ్జిగ, వీటిలో ఏది తగిలినా ఆ లోహం కొంచెం కొంచెంగా కరిగి పులుసులోకి దిగుతుంది. మన ఒంటికి రాగి కావాలి, కానీ కావాల్సింది చాలా తక్కువ, ఎక్కువైతే కడుపులో తిప్పడం, వాంతులు, కడుపునొప్పి. మరి మన పెద్దవాళ్ళు తరతరాలుగా ఇత్తడి గిన్నెల్లోనే పులుసులు కాచారు కదా అంటే, కాచారు, లోపల కళాయి ఉన్న గిన్నెల్లో. పులుపుకి తగరం అంత తేలిగ్గా లొంగదు కాబట్టి కూరకీ రాగికీ మధ్య అది అడ్డుగా ఉంటుంది. ఇదేదో మా అమ్మమ్మల చాదస్తం కాదండీ, చట్టంలోనే ఉంది. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నియమాల్లో, ఆ తర్వాత 2011లో వచ్చిన ఆహార భద్రత నిబంధనల్లో కూడా, సరిగ్గా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండినా నిల్వ చేసినా ఆ ఆహారం తినడానికి పనికిరానిదిగానే లెక్క అని రాశారు.

అసలు చిక్కంతా మాటతోనే వచ్చిందేమో అనిపిస్తుంది. మా గోదావరి వైపు కూరలు వేయించుకునే మూకుడుని కూడా కళాయి అనే అంటారు. ఆ మధ్య తణుకులో ఒక గిన్నెల కొట్టుకి వెళ్ళి "బాబూ, కళాయి వేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడిగితే ఆ కుర్రాడు "ఉన్నాయండి, ఏ సైజు కావాలి" అని నాలుగు నాన్‌స్టిక్ మూకుళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు. నవ్వొచ్చింది గానీ, వాడిని ఏమనాలి? వాడు పుట్టేసరికే మా వీధిలో కళాయి కేక ఆగిపోయింది.

నా చిన్నప్పుడు దసరాకి ముందు ఒకసారి, పెళ్ళిళ్ళ రోజులకి ముందు ఇంకోసారి, కళాయి సాయిబు తప్పకుండా వచ్చేవాడు. "కళాయీ... పాత గిన్నెలకు కళాయీ..." అని వీధి మొదట్లో కేక వినపడగానే అమ్మ అటక మీది గుండిగలు, తపేలాలు, డేగిసాలు దింపించేది. వేపచెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, తోలు తిత్తి గొట్టం అందులోకి పెట్టి, బొగ్గులు రాజేసేవాడు. తర్వాత్తర్వాత తిత్తి పోయి చేత్తో తిప్పే ఇనప ఫ్యాను వచ్చిందనుకోండి. ఆయన వెంట పన్నెండేళ్ళ కుర్రాడు ఉండేవాడు, వాడి పనే మాకు పెద్ద వినోదం. పెద్ద గంగాళంలో ఇసుకా కొబ్బరిపీచూ వేసి, వాడు అందులోకి దిగి నిలబడి, చెట్టుకి కట్టిన తాడు పట్టుకుని, అటూ ఇటూ నడుము తిప్పుతూ కాళ్ళతో తోమేవాడు, అచ్చం డాన్సు చేస్తున్నట్టే. కిలుమూ పాత మసీ అంతా పోయి లోపల ఎర్రగా రాగి తేలేదాకా అలా తిరగాల్సిందే. ఆ వయసు పిల్లాడు బడిలో ఉండాలి కదా అని అప్పుడు ఎవరికీ అనిపించలేదు, నాతో సహా.

ఆ తర్వాత జరిగేది మాత్రం కళ్ళు ఆర్పకుండా చూడాల్సిందే, ఎందుకంటే నిమిషంలో అయిపోతుంది. పటకారుతో గిన్నెని నిప్పుల మీద పట్టుకుని తిప్పుతూ కాస్తాడు. బాగా కాగాక ఒక దూది ఉండతో తెల్లటి పొడి చల్లుతాడు, అది నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్. వెంటనే ముక్కు అదిరేలా ఘాటైన తెల్లటి పొగ లేస్తుంది. పిల్లలం అందరం వెనక్కి పరిగెత్తేవాళ్ళం. ఆ పొడి వేడికి విడిపోయి, రాగి మీద పట్టిన పలచటి మకిలిని కూడా తినేస్తుంది, అది పోతేగానీ తగరం రాగిని పట్టుకోదు. అప్పుడు తగరపు కడ్డీని అలా లోపల ఆనిస్తే చాలు, వెన్నలా కరుగుతుంది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, రాగి కరగాలంటే 1085 కావాలి, ఈ కళ అంతా ఆ తేడా మీదే నడుస్తుంది. కరిగిన తగరాన్ని అదే దూదితో ఒక్క ఊపులో గిన్నె చుట్టూ తిప్పి పూసేసరికి ఎర్రగా ఉన్న గిన్నె కాస్తా లోపల వెండి గిన్నె అయిపోయేది. వేడి తగ్గితే తగరం గడ్డ కడుతుంది, పెరిగితే పూత మాడి నల్లబడుతుంది, ఆయన దగ్గర థర్మామీటరూ లేదు ఏమీ లేదు, పొగ రంగు చూసి చెప్పేవాడు. చివర్న నీళ్ళ తొట్టిలో ముంచితే చుయ్యిమనే ఆ చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉంది.

ఇప్పుడు యూట్యూబులో చూసి ఇంట్లోనే గ్యాసు పొయ్యి మీద కళాయి వేసుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. తలుపులు మూసిన వంటగదిలో ఆ పొగ పీల్చడం మంచిది కాదు. దయచేసి మీ పత్రికలో ఆ చిట్కా మాత్రం వేయకండి.

అసలు ప్రమాదం ఇంకోటుంది, అది సీసం. తగరం రాగి కంటే చాలా ఖరీదు. మన దేశంలో తగరం ఖనిజం తవ్వి తీసేది పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోనే, అదీ కొంచెమే, మిగతాదంతా బయటి దేశాల నుంచి రావాల్సిందే. సీసం చవక, తేలిగ్గా కరుగుతుంది, కొత్తలో తగరంలాగే మెరుస్తుంది. రెండేళ్ళ కిందట మా అత్తగారి రాగి డేగిసా ఒకటి పట్నంలో ఒక దుకాణంలో ఇచ్చాను. పేరు ఎందుకులెండి. తీసుకోవడానికి వెళ్ళినప్పుడు లోపల ఇంకెవరిదో గిన్నె పని జరుగుతోంది, చూస్తే వాళ్ళ చేతిలో ఉన్నది వైర్లు అతికించే టంకం కడ్డీ. ఇదేంటయ్యా అంటే "అంతా ఒకటేనమ్మా, మెరుపు చూడండి" అన్నాడు. ఒకటి కాదండీ. టంకంలో చాలావాటిలో సీసం ఉంటుంది, పిల్లల మెదడు విషయంలో సీసం ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డబ్బులిచ్చి డేగిసా తెచ్చుకున్నాను, వంటకి మాత్రం వాడలేదు, పెరట్లో తులసి మొక్క పక్కన నీళ్ళు పెట్టుకోవడానికి వాడుతున్నాను. ఎనిమిది వందలు పోయాయి, గిన్నె కూడా పోయినట్టే లెక్క, పాత పూత మొత్తం గీకి మళ్ళీ వేయిస్తే తప్ప.

కాబట్టి వేయించేటప్పుడు దగ్గరుండండి. కడ్డీ చూపించమని మొహమాటం లేకుండా అడగండి. స్వచ్ఛమైన తగరపు కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే కిర్రుమని సన్నగా అరుస్తుంది, సీసం బాగా కలిసినది చప్పుడు చేయకుండా మెత్తగా వంగిపోతుంది. తెల్లకాగితం మీద గీస్తే సీసం పెన్సిల్లా బూడిదరంగు గీత పెడుతుంది. ఇవి ల్యాబు పరీక్షలేం కావు, సాయిబు దగ్గర నేర్చుకున్నవి, అయినా మోసం చేసేవాడు మనకీ తెలుసని గ్రహిస్తే చాలు సగం మోసం తగ్గుతుంది. పాత గిన్నెలకి చిల్లులు పడితే లోపల వేసిన మాట్లు కూడా చూసుకోండి, అవి టంకంతో వేసినవే అయ్యుంటాయి.

కళాయి వేయించాక ఎలా వాడుకోవాలో కూడా ఎవరూ చెప్పడం లేదు. ఖాళీ గిన్నెని పొయ్యి మీద పెట్టి మర్చిపోతే అయిదు నిమిషాల్లో పూత కరిగి ముత్యాల్లా అడుగున చేరుతుంది. మన పెద్దవాళ్ళు చారుకి పోపు విడిగా ఇనప గరిటెలో ఎందుకు పెట్టేవారో నాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు. నూనె కాగి పొగలొచ్చేసరికి ఆ వేడి తగరం కరిగే వేడికి దగ్గరగా వచ్చేస్తుంది మరి! గరిటెలు కూడా చెక్కవి వాడితే మంచిది. తోమడానికి స్టీలు పీచు లోపల అస్సలు వద్దు, చింతపండూ ఇత్తడి పొడులూ బయట రుద్దుకోండి, లోపల మెత్తటి గుడ్డతో సబ్బునీళ్ళు చాలు. కొన్నాళ్ళకి లోపల మెరుపు తగ్గి బూడిదరంగులోకి వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు, అది పాడైనట్టు కాదు. ఎర్రగానో పచ్చగానో కింది లోహం కనపడిందంటేనే మళ్ళీ వేయించాలి. రోజూ వాడే గిన్నెకి మా ఇంట్లో ఏడాదికోసారి పడుతుంది. మంచినీళ్ళ రాగి బిందెకీ, కంచు కంచాలకీ కళాయి వేయరు, అది వేరే లెక్క. కానీ ఆ రాగి చెంబులోనే నిమ్మకాయ నీళ్ళు కలుపుకుని తాగేవాళ్ళని చూశాను, అది మాత్రం మానండి.

ఇంతకీ నేను ఈ ఉత్తరం రాసింది మీ వ్యాసాన్ని తప్పుపట్టడానికి కాదు, సగంలో ఆపేశారని. మాకు దగ్గర్లోనే అజ్జరం ఉంది, ఇత్తడి పనికి పేరున్న ఊరు. శ్రీకాకుళంలో బుడితి, జనగామ దగ్గర పెంబర్తి, వీటి గురించి మీరు ఎన్నోసార్లు రాశారు, రాయాల్సిందే. అయితే గిన్నె చేసేవాడికి దొరికే పేరులో పదోవంతు కూడా దాన్ని బతికించేవాడికి దొరకదు. హైదరాబాదు పాతబస్తీలో కళాయి పని ఇంకా కాస్తో కూస్తో నిలబడిందంటే పెళ్ళి బిర్యానీలు రాగి డేగుల్లో వండే అలవాటు పోలేదు కాబట్టే, వంటవాళ్ళకి పని ఉంది కాబట్టి కళాయివాళ్ళకీ ఉంది. మిగతా ఊళ్ళలో ఇత్తడి వాడేవాళ్ళు లేక కళాయివాళ్ళు పోయారు, ఇప్పుడు వాడేవాళ్ళు వచ్చినా వేసేవాళ్ళు లేరు. నాకు తెలిసిన ఆఖరి మనిషి కొడుకు ఆటో నడుపుతున్నాడు. మళ్ళీ ఈ పని చేస్తావా అని అడిగితే "వారానికి రెండు గిన్నెలొస్తే బొగ్గుల ఖర్చు కూడా రాదండి" అన్నాడు, నిజమే కదా.

మీరు చేయగలిగింది ఒకటుంది. మీకు ప్రతి జిల్లాకీ విలేకరులు ఉన్నారు. ఏ ఊళ్ళో, ఏ వీధిలో కళాయి వేసేవాళ్ళు ఇంకా ఉన్నారో కనుక్కుని, వాళ్ళు ఒప్పుకుంటే, జిల్లా ఎడిషన్లో నెలకోసారి చిన్న డబ్బా కట్టి వేయండి. చాలామంది అటకల మీద గిన్నెలున్నాయి, ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక పాతసామానువాడికి తూకానికి అమ్మేస్తున్నారు. గిన్నెల కొట్లవాళ్ళు కూడా ఇత్తడి తపేలా అమ్మేటప్పుడు లోపల పూత ఉందో లేదో నోరు తెరిచి చెప్పాలి, మా చెల్లెలి కూతురికి ఆ కొట్లో ఒక్కరూ చెప్పలేదు. ఇక ప్రభుత్వం వారు పెట్టే చేనేత హస్తకళల ఎగ్జిబిషన్లలో ఇత్తడి బొమ్మల స్టాళ్ళ పక్కన ఒక మూల కళాయి పొయ్యికి చోటిస్తే, వచ్చేవాళ్ళు ఇంట్లోని పాత గిన్నె చేత్తో పట్టుకుని వస్తారు. వారం రోజుల్లో ఆ మనిషికి ఆర్నెల్ల పని దొరుకుతుంది.

మా అమ్మాయి తపేలా ఇప్పుడు నా దగ్గరే ఉంది. రాజమండ్రిలో ఒకాయన ఇంకా వేస్తున్నాడని మా పాలబ్బాయి చెప్పాడు, వచ్చే వారం తీసుకెళ్తున్నాను, కడ్డీ చూశాకే గిన్నె చేతికిస్తాను.

ఇంకో మాట. మీ వ్యాసంలో రెండో పేజీలో పైన వేసిన పెద్ద ఫొటో చూడండి, ఇత్తడి గిన్నెలో సాంబారు, మునక్కాడలు తేలుతూ. గిన్నె అంచు లోపలివైపు పచ్చగా తళతళలాడిపోతోంది. ఫొటో తీశాక ఆ సాంబారు ఎవరూ తినలేదనే అనుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తణుకు