నడిసంద్రంలో జబ్బు చేస్తే ఎవరిని అడగాలి? మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు, ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారికి,

నమస్కారాలు.

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర నాకు మందుల షాపు ఉంది. బోటు వేటకు బయల్దేరే ముందు డ్రైవరో, కలాసీల్లో ఒకరో వచ్చి మందులు పట్టుకెళ్తారు. ఏం అడుగుతారో నాకు కంఠతా వచ్చు. జ్వరం మాత్రలు, ఒళ్లు నొప్పుల మాత్రలు, గ్యాస్ మాత్రలు, విరేచనాలకు ఒక షీటు, బామ్, కట్టు గుడ్డ. డీజిల్‌కీ ఐస్‌కీ లక్షల్లో పెట్టే బోటు మీద మందులకయ్యేది కొన్ని వందలు. ఏడెనిమిది మంది మనుషులు, పదిహేను ఇరవై రోజుల వేట. అన్ని రోజులూ ఆ ప్లాస్టిక్ సంచే వాళ్ల ఆసుపత్రి.

మీరు టెక్కలి ఎమ్మెల్యే. భావనపాడు మీ నియోజకవర్గంలోదే. వేటకెళ్లేవాళ్ల కష్టం గురించి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా సంగతికి వస్తాను. సముద్రం మీద ఉన్న మనిషికి రాత్రయినా పగలయినా తెలుగులో సలహా చెప్పే ఒక డాక్టరు కావాలి. నేను అడిగే అసలు కోరిక ఇదే.

మా షాపుకొచ్చే ఒక కలాసీ, యాభై దాటిన మనిషి, ఒడ్డుకి వంద కిలోమీటర్ల పైన ఉండగా ఛాతీలో నొప్పన్నాడు. గ్యాస్ అనుకున్నారు. సంచిలో ఉన్న మాత్ర ఇచ్చారు. తగ్గలేదు. వల నీళ్లలో ఉంది, అది లాగాలి. లాగాక కూడా బోటు తిప్పాలా వద్దా అని డ్రైవర్‌కి టెన్షన్. తిప్పితే డీజిల్ దండగ, ఓనరు ఏమంటాడో తెలీదు, తీరా వచ్చాక గ్యాసే అని తేలితే జెట్టీ అంతా నవ్వుతుంది. మరబోటు గంటకి పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లకి మించి పోదు. హార్బర్ చేరేసరికి మనిషి లేడు.

ఆ డ్రైవర్ని నేను తప్పు పట్టలేను. గ్యాస్ నొప్పో గుండె నొప్పో ఈసీజీ లేకుండా తేల్చడం డాక్టర్లకే కష్టం. కానీ అవతల డాక్టరంటూ ఒకరుంటే నాలుగు ప్రశ్నలు వేసేవారు. ఎడమ చెయ్యి లాగుతోందా, చెమటలు పోస్తున్నాయా, షుగరుందా, కడుపులో అల్సరేమైనా ఉందా అని. ఆస్పిరిన్ నమిలి మింగమనేవారు, వల వదిలేసి వెనక్కి తిప్పమనేవారు. ఆస్పిరిన్ మా షాపుల్లో దాదాపు అన్నిటికన్నా చవకైన మందు. ఒడ్డున గుండెపోటొస్తే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్, 40 వేలకి పైగా ఖరీదు చేసేది, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. మంచి పని. అయితే అది నొప్పి మొదలైన కొన్ని గంటల్లోపే పడాల్సిన మందు. మా వాళ్లకి ఆ గంటలన్నీ నీళ్ల మీదే అయిపోతున్నాయి.

ఆ ఇంటికి బీమా డబ్బులూ రాలేదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకున్నది ప్రమాద బీమా. ప్రమాదంలో చనిపోతే 5 లక్షలు, ఆసుపత్రిలో చేరితే 25 వేలు. గుండెపోటు ప్రమాదం కిందికి రాదన్నారు. రూలు ప్రకారం అది నిజమే కావచ్చు. కానీ ఒడ్డున ఉంటే బతికే అవకాశమున్న మనిషి, వేటలో ఉన్నందుకు వైద్యం అందక చనిపోయాడు. దీన్ని ఏ పద్దులో రాస్తారో మీ శాఖే ఆలోచించాలి.

సముద్రానికే సొంతమైన ముప్పులు కొన్నున్నాయి. వాటి గురించి ఒడ్డునున్న డాక్టర్లకే అంతగా తెలియదు. వల్లో సముద్రపు పాములు వస్తూనే ఉంటాయి. చేపలు ఏరేటప్పుడు కరుస్తాయి. కరిచిన చోట పెద్దగా నొప్పి, వాపు ఉండవు. అసలు మోసం అక్కడే ఉంది. గంటలు గడిచాక ఒళ్లంతా నొప్పులు మొదలవుతాయి, కనురెప్పలు వాలిపోతాయి, మూత్రం నల్లగా వస్తుంది. అప్పటికి కిడ్నీల మీద దెబ్బ పడినట్టే. మన దేశంలో తయారయ్యే పాము విషం మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికే. సముద్రపు పాముకి విరుగుడు తయారయ్యేది ఆస్ట్రేలియాలో. ఇక్కడ మనిషిని నిలబెట్టేది వెంటిలేటరు, డయాలసిస్. అంటే టైముకి పెద్దాసుపత్రికి చేరడమే వైద్యం. నొప్పి లేదు కదా అని మళ్లీ వల మీద చెయ్యి వేసే కుర్రాడికి, ఆ చెయ్యి కదపకుండా కట్టు కట్టుకుని వెంటనే వెనక్కి రమ్మని ఎవరు చెప్తారు?

చేపల గది సంగతీ అంతే. ఐస్ కరిగి, అడుగున మిగిలిన చెత్తచేప కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. గ్యాస్ బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపు కూడా తెలియదు. దిగినవాడు కూలిపోతాడు. వాణ్ని పైకి తియ్యాలని దిగిన రెండోవాడూ కూలిపోతాడు. మూతలన్నీ తీసి గాలి ఆడనివ్వందే దిగొద్దన్న ఒక్క మాట ముందుగా తెలిస్తే చాలు, ఆ రెండో ప్రాణమైనా మిగులుతుంది. టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే డీజిల్ రాసేవాళ్లున్నారు, సున్నం పెట్టేవాళ్లున్నారు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెట్టి ఉంచితే ఆ విషం విరుగుతుంది, నొప్పి తగ్గుతుంది. వంటకి పొయ్యి బోటు మీదే ఉంది!

ఇక బీపీ, షుగర్. పది రోజుల మాత్రలు పట్టుకెళ్తారు, వేట పదిహేను రోజులవుతుంది. మిగతా అయిదు రోజులు మందు లేదు. ఇన్సులిన్ వాడే ఒకాయన పాడవకుండా ఉంటుందని సీసాని నేరుగా ఐస్‌లో పెట్టేవాడు. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనిచేయదు. మా వాళ్లు తాగుతారని మీ అధికారులు అంటూంటారు. తాగుతారు. గుండె జబ్బుకి అదీ ఒక కారణమే. దానికీ డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయం. సిగ్నల్ దాటాక మాట్లాడే దారే లేదని ఇన్నాళ్లూ అనుకునేవాళ్లం. ఫోనుండదు, 108 అందదు, కోస్ట్ గార్డ్ 1554 నంబరూ పలకదు, బోటులోని వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు కొంత దూరం వరకే. ఇప్పుడలా కాదు. కేంద్రం 364 కోట్లతో లక్ష బోట్లకి ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగించే పథకం తెచ్చింది. శాటిలైట్ ద్వారా బోటు నుంచి ఒడ్డుకి, ఒడ్డు నుంచి బోటుకి చిన్న మెసేజ్‌లు పోతాయి. తుపాను హెచ్చరికలు, చేపలెక్కడున్నాయన్న సమాచారం బోటుకి అందుతున్నాయి. అదే దారిలో ఛాతీ నొప్పి కబురు కూడా రావచ్చు. అవతలి వైపు కూర్చోవలసిన డాక్టరే లేరు. కొనాల్సిన యంత్రం లేదు, వెయ్యాల్సింది మనిషిని.

ఇదేం కొత్త ఊహ కాదు. రోమ్‌లోని ఒక రేడియో వైద్య కేంద్రం 1935 నుంచి ఏ దేశం ఓడకైనా ఉచితంగా సలహా ఇస్తోంది. రేడియో కనిపెట్టినవాళ్లలో పెద్ద పేరున్న మార్కోనీయే దానికి తొలి అధ్యక్షుడు. మన విశాఖ పోర్టుకొచ్చే సరుకు ఓడలో మందుల పెట్టె, రేడియోలో డాక్టర్ సలహా తప్పనిసరి. ఆ ఓడలకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. అది చేపల పడవలకి వర్తించదు. చేపల పడవల కోసం 2007లో విడిగా వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 188వ ఒప్పందంలో బోటు మీద మందులుండాలని, ప్రథమ చికిత్స నేర్చినవాడు ఒకడైనా ఉండాలని, ఒడ్డునున్న డాక్టరుతో మాట్లాడే సాధనం ఉండాలని రాశారు. దాన్ని మాత్రం ఆమోదించలేదు. ఢిల్లీ సంతకం కోసం రాష్ట్రం కాచుక్కూర్చోవాల్సిన పని లేదు. 1994 నాటి మన సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం చేతిలో ఉంది. బోటు లైసెన్సులో లైఫ్ జాకెట్ల పక్కన మందుల పెట్టె అని ఒక ముక్క చేరిస్తే ఎవరూ కాదనరు.

కేరళలో 2020లో మూడు మెరైన్ అంబులెన్సులు దింపారు కదా, మనమూ కొందాం అని మీతో ఎవరైనా అనొచ్చు. నా మటుకు నేను వాటిని ముందు అడగను. అంత పొడుగు తీరానికి ఒకటో రెండో బోట్లు ఏ మూలకని పోతాయి? ప్రారంభోత్సవం రోజు ఫొటోలు బాగా వస్తాయి, తర్వాత డీజిల్‌కి బడ్జెట్ ఉండదు. నిజంగా ప్రాణం మీదికొస్తే కోస్ట్ గార్డ్ వస్తుంది, వాళ్లకి దండం పెట్టాలి. ఎవరి కోసం వాళ్లని కదిలించాలో, ఎవరికి ఒక మాత్ర సరిపోతుందో తేల్చే మనిషే ఇప్పుడు లేరు.

అమలు చెయ్యడానికి మీ చేతిలో మంచి అదను ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ రేవులోనే ఉంటాయి. 20 వేల భృతి కోసం మీ శాఖ వాళ్లు జెట్టీకి వచ్చి పేర్లు రాసుకుంటారు. ఆ బల్ల పక్కనే వైద్యశాఖ బల్ల కూడా వేయించండి. బీపీ, షుగర్ చూసి, నలభై దాటినవాళ్లకి ఈసీజీ తీసి, ధనుర్వాతం ఇంజెక్షన్ వెయ్యండి. రేపు బోటు నుంచి మెసేజ్ వస్తే, ఆ మనిషి పాత ఈసీజీ డాక్టర్ ముందుండాలి. బోటుకి ఒకరి చొప్పున రెండు రోజుల ట్రైనింగ్ ఇవ్వండి. డ్రైవర్‌కి కాదు, కలాసీకి. డ్రైవర్ చెయ్యి ఎప్పుడూ స్టీరింగ్ మీదే ఉంటుంది. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకి నెల మందులు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు కూడా కావాలి.

మీ జిల్లా నుంచి గుజరాత్ వెళ్లి, వెరావల్ బోట్ల మీద పనిచేసేవాళ్లనూ ఇందులో కలపండి. అక్కడి డాక్టరుకి తెలుగు రాదు, మనవాడికి గుజరాతీ రాదు. వాళ్ల బోటు నుంచి వచ్చే కబురు కూడా మన డాక్టర్ దాకా చేరేలా ఆ రాష్ట్రంతో మాట్లాడాల్సింది మీరే.

మందుల పెట్టెలో ఏమేం ఉండాలో నేనూ, ఇక్కడి ఒకరిద్దరు డాక్టర్లూ కలిసి ఒక జాబితా రాసుకున్నాం. ఒక పేజీకి మించదు. మీ శాఖ జాయింట్ డైరెక్టర్ గారు రమ్మంటే తీసుకొచ్చి ఇస్తాను. ఈ నిషేధ కాలానికి ఒక్క విశాఖ హార్బర్లోనైనా మొదలుపెట్టించండి.

ఇట్లు
ఫిషింగ్ హార్బర్ దగ్గర మందుల షాపు నడుపుకునే ఒక ఫార్మసిస్టు,
విశాఖపట్నం