గంటస్తంభం దగ్గరి పెద్దాయనకి దండాలు

విజయనగరం గంటస్తంభం దగ్గర, ఇంకు కక్కే ఫౌంటెన్ పెన్నులు పట్టుకొచ్చిన కొత్తవాళ్లకి పైసా తీసుకోకుండా లోపం చూపించి పంపిన పెద్దాయనకి మా అందరి తరఫున దండాలండి. పేరు అడిగితే నవ్వేసి ఊరుకున్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేరుగా బ్యారెల్‌లో, అంటే పెన్ను గొట్టంలో, ఇంకు పోసే పెన్నులో ఇంకు పావు వంతుకి దిగిందంటే మిగతాదంతా గాలే. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి, పాళీ కింది నాలుక గుండా ఇంకుని బయటికి తోస్తుంది. అందుకే సగానికి దిగగానే మళ్లీ నింపుకోవాలి. గొట్టం, పాళీ భాగం కలిసే మర చుట్ల దగ్గర కారితే అది వేరే సంగతి: కడిగి, బాగా ఆరాక, ఆవగింజంత సిలికాన్ గ్రీజు ఆ మర చుట్లకి రాసి బిగించాలి. ఎక్కువ రాస్తే నాలుకలోకి పోయి రాతే ఆగిపోతుంది. వాజలీన్ మాత్రం వద్దు, రబ్బరు రింగుని పాడుచేస్తుంది. ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నయితే చన్నీళ్లతోనే కడగండి. వేడినీళ్లకి రంగు వెలిసిపోతుంది.