నాన్న చేతి కట్టు విప్పాక చూడాల్సినవి

తమ్ముడూ,

నాన్న చేతికి కట్టు విప్పేశారనీ, ఇంక బెంగ లేదనీ అన్నావు. నా బెంగ అక్కడే మొదలైంది. చెట్టెక్కి పడలేదు, బండి గుద్దలేదు. నూతి దగ్గర కాలు జారి, నిల్చున్న ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముక గుల్లబారిందేమో చూపించాలి. అది ఆడవాళ్ళ జబ్బు అని నాన్న కొట్టిపారేస్తారు. 50 దాటిన మగవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి ఇలా ఎముక విరుగుతుందని చెప్పు. తుంటి విరిగితే ఏడాది తిరక్కుండా పోయే ప్రమాదం ఆడవాళ్ళకంటే మగవాళ్ళకే ఎక్కువ.

విశాఖ తీసుకెళ్ళి తుంటికీ నడుముకీ ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీయించు. పావుగంట పడుకుంటే చాలు, సూదీ మందూ ఉండవు. రిపోర్టులో టి-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే లెక్క, మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకి గానీ ఉంటే గుల్లబారినట్టే. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య వచ్చినా, ఒకసారి విరిగిన మనిషి కాబట్టి ఊరుకోవద్దు. ఉచిత శిబిరాల్లో మడమకి పెట్టి చూసే మిషను లెక్కని నమ్ముకోవద్దు. దాంతో ఈ జబ్బు తేల్చరు.

మగవాళ్ళలో చాలామందికి దీని వెనక ఇంకో కారణం ఉంటుంది. అందుకే నాన్న మందుల డబ్బా మొత్తం సంచీలో వేసుకుని వెళ్ళు. ఆయాసానికి ఆర్‌.ఎం.పి. ఇస్తున్న బిళ్ళల్లో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఉందేమో అట్ట మీద పేరు చదువు. రోజుకి 5 మిల్లీగ్రాములే అయినా, 3 నెలలు దాటి వాడితే ఎముకని తినేస్తుంది. ఉందని తెలిస్తే మాత్రం నువ్వు టక్కున ఆపించేయకు, ప్రాణం మీదకొస్తుంది. డాక్టరే మెల్లగా తగ్గించాలి. చుట్ట, తాగుడు సంగతి కూడా దాచకుండా చెప్పించు. రక్తంలో కాల్షియం, డి విటమిన్, థైరాయిడ్, టెస్టోస్టిరాన్ చూడమని అడుగు.

అన్నిటికంటే ముందు క్రియాటినిన్, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష. మనది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం, ఇది మరిచిపోకు. క్రియాటినిన్‌ని బట్టి కట్టే కిడ్నీ పనితీరు లెక్క (నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని ఇస్తారు) 35 కంటే తక్కువుంటే, ఎముక కోసం ఇచ్చే వారం బిళ్ళ అలెండ్రోనేట్ గానీ, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ గానీ వాడకూడదు. కిడ్నీ పాడైతే ఎముక దెబ్బతినే తీరే వేరు, మందూ వేరు. చేతి నొప్పికని దుకాణంలో కొని మింగుతున్న డైక్లోఫెనాక్ కిడ్నీకి చేటు, ఈరోజే మాన్పించు.

కిడ్నీ బాగుండి అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల బిళ్ళ రాస్తే, వారంలో ఒక రోజు పెట్టుకోండి. తెల్లారి లేచాక పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్ళతో నిటారుగా ఉండి మింగాలి. టీతో కాదు, పాలతో కాదు. ఆ తర్వాత అరగంట అరుగు మీద కూర్చోవచ్చు, పెరట్లో తిరగొచ్చు, మళ్ళీ నడుం వాల్చకూడదు. వాలిస్తే బిళ్ళ గొంతు గొట్టంలో ఆగి పుండు పడుతుంది. చాలామంది అక్కడే మందు మానేస్తారు. కాల్షియం బిళ్ళ ఆ పూట దానితో కలపొద్దు, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని మందు ఒంటికి ఎక్కదు. పీకించాల్సిన పళ్ళుంటే మందు మొదలెట్టకముందే పీకించు.

డి విటమిన్ 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒక్కటే, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. రోజూ పాలలో కలుపుకుని తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, ఆఖరికి కిడ్నీకే దెబ్బ.

తిండికి మన చోడి (రాగి) అంబలిని మించింది వెతకక్కర్లేదు. 100 గ్రాముల చోడి పిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆయనకి రోజుకి కనీసం 1000 మిల్లీగ్రాములు కావాలి. మిగతాది పాలు, పెరుగు, ముల్లుతో తినే నెత్తళ్ళు. కిడ్నీ రిపోర్టు తేడాగా వస్తే ఇవన్నీ డాక్టరు చెప్పాకే.

నూతి గట్టు నాచు గీకించు. రాత్రి దొడ్డి దారికి బల్బు పెట్టించు. బియ్యం బస్తా వంగి ఎత్తనివ్వకు, వెన్నుపూస నలిగిపోతుంది. చెప్పుల్లేకుండా నాన్నని గోడకి ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పెట్టి పెన్సిలుతో గీత గియ్యి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గి ఉంటే, నొప్పి లేకపోయినా వెన్నుకి ఎక్స్‌రే అడుగు. ఆ కొలతా, క్రియాటినిన్ రిపోర్టు ఫొటో వచ్చిన రోజే పంపు.

అక్క