పేపర్ మడతలో వచ్చిన కరపత్రం గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది తిరుపతి, కొర్లగుంట. మా పాపకి పదిహేనేళ్లు. కరోనాకి స్కూళ్లు మూసినప్పుడు ఐదో క్లాసు, తర్వాత తెరిచినా మేం పంపలేదు, పాపకి ఆస్తమా ఉంది, దానికితోడు ఇంట్లో కూర్చుని చదువుకోవడం బాగా అలవాటైపోయింది, వాళ్ల నాన్న లెక్కలు, సైన్సు, నేను తెలుగు, సోషల్ చెప్పుకుంటూ వచ్చినాం. టెన్త్ దగ్గరికొచ్చేసరికి చుట్టాలందరిదీ ఒకటే మాట, "ఇంట్లో చదివితే సర్టిఫికెట్ ఎవరిస్తారమ్మా?" అని.

అట్లాంటప్పుడే ఒకరోజు పొద్దున పేపర్ మడతలోంచి గులాబీ రంగు కరపత్రం జారి పడింది. "ఒక్క సంవత్సరంలోనే టెన్త్, ఇంటర్. పాస్ గ్యారంటీ." పోయినాం. అక్కడ ఒకాయన లామినేషన్ చేసిన మార్కుల మెమో చూపించినాడు, బంగారు రంగు సీలు, బోర్డు పేరు చూస్తే అచ్చం సెంట్రల్ గవర్నమెంటుదే అనిపించేలా ఉంది. లెక్కలొద్దు మేడం, పెయింటింగ్, హోమ్ సైన్స్ పెట్టుకోండి, అసైన్‌మెంట్లు మా వాళ్లే రాసి పెడతారు, పాప వచ్చి పరీక్షలో కూర్చుంటే చాలు అన్నాడు. పదివేలు అడ్వాన్సు కట్టేసినాం. ఆ రాత్రి మా ఆయన స్కూల్ బోర్డుల మండలి కాబ్సే లిస్టు మొత్తం వెతికినాడు, ఆ బోర్డు పేరు ఎక్కడా లేదు. మా డబ్బు ఈరోజుకీ తిరిగి రాలేదు.

అసలు దారి ఇంత కష్టమేం కాదని తర్వాత తెలిసింది, అదే బాధ. ఇంట్లోనే చదువుకుని పరీక్షలు రాసుకునే ఓపెన్ స్కూళ్లున్నాయి, కేంద్రం వాళ్లది ఎన్ఐఓఎస్, 1989 నుంచి ఉంది, మన రాష్ట్రానికి ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది. తెలుగు మీడియంలో, ఇక్కడే చదువుకునేవాళ్లకి రాష్ట్రానిదే వీలుగా ఉంటుంది. మేం ఎన్ఐఓఎస్ తీసుకున్నాం, ఎందుకంటే రేపు మా ఆయనకి వేరే రాష్ట్రానికి ట్రాన్స్‌ఫర్ అయితే మధ్యలో ఆగిపోకూడదు. పద్నాలుగేళ్లు నిండితే టెన్త్‌కి చేరొచ్చు, ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఒకసారి చేరితే ఐదేళ్లు టైం, తొమ్మిది ఛాన్సులు. ఒంట్లో బాగాలేని పిల్లలకి ఇది ఎంత ఊరటో నాకు తెలుసు, రెండు సబ్జెక్టులు ఇప్పుడు రాసి మిగతావి తర్వాత రాసుకోవచ్చు. టెన్త్ పాసయ్యాక ఇంటర్ పూర్తి చేయాలంటే రెండేళ్ల గ్యాప్ ఉండాలని వాళ్ల రూల్, మరి ఆ "ఒక్క సంవత్సరంలోనే" అన్న మాట ఎక్కడ్నుంచి వచ్చినట్టు?

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అక్కడి ఆన్‌లైన్ హైస్కూల్ డిప్లొమా చేయించమంది. అక్కడ కాగ్నియా లాంటి సంస్థ గుర్తింపు ఉందా అని చూస్తారు సరే, ఇక్కడ డిగ్రీలో సీటు కావాలంటే మళ్లీ అది ఇక్కడి ఇంటర్‌కి సమానమేనని ఒక పత్రం అడుగుతారు. మాకొద్దనుకున్నాం.

లెక్కలు మాత్రం వదల్లేదు. ఇంజనీరింగో ఇంకోటో రేపు పాపకి ఏది కావాలనిపిస్తుందో మనకేం తెలుసు. ఓపెన్ స్కూల్ పిల్లలు నీట్ రాయకూడదని 2018లో రూల్ పెడితే ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది కూడా, కాబట్టి ఆ చదువుకి విలువ లేదనేవాళ్ల మాట వినకండి.

ఇప్పుడు పాప సైన్స్ టీఎంఏ రాస్తోంది, అంటే అసైన్‌మెంట్, దానికి 20 శాతం మార్కులు. బాల్కనీలో చాప వేసుకుని, పక్కన ఇన్‌హేలర్ పెట్టుకుని, ఒక్కో జవాబూ తన చేత్తోనే రాస్తోంది, తప్పు పోతే కొట్టేసి మళ్లీ రాస్తోంది. దీన్నే ఆ కరపత్రం ఆయన వేరేవాళ్లతో రాయిస్తానన్నాడు.

ఎడిటర్ గారూ, కరపత్రాలు ఏజెంట్లు పెట్టేవని నాకు తెలుసు, కానీ ఇట్లాంటి ప్రకటనలు లోపలి పేజీల్లోనూ చూస్తున్నా. వేసే ముందు ఆ బోర్డుకి గుర్తింపు ఉందో లేదో ఒక్కసారి చూడండి. అట్లే ఓపెన్ స్కూల్ అడ్మిషన్లు మొదలైనప్పుడు, ఫీజు కట్టే ఆఖరి తేదీ, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో స్టడీ సెంటర్ల పేర్లు జిల్లా పేజీలో అందరికీ కనపడేలా వేయండి.

ఒక తల్లి,
కొర్లగుంట, తిరుపతి