ఒక గొంతు, మూడు రంగుల డిస్కులు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నువ్వు పంపిన మూడు ఫైళ్లూ హెడ్‌ఫోన్స్‌లో రెండుసార్లు, కారు స్పీకర్లలో ఒకసారి విన్నాను. ఒకే పాటను పాప్‌గా, అమెరికా పల్లె పాటల కంట్రీగా, మన సినిమా పద్ధతిలో కట్టాలనుకోవడం మంచి ఆలోచన. పాప్ నిలబడింది. కంట్రీలో గొంతుదొక దారి, డ్రమ్స్‌దొక దారి. సినిమా వెర్షన్ పల్లవి మూడో లైను దగ్గరికి వచ్చేసరికి అపశ్రుతి పలుకుతోంది. ఎందుకో చెప్పేముందు గాయని షనాయా ట్వైన్ 'అప్!' ఆల్బమ్ సంగతి రాస్తాను. నువ్వు చేస్తున్న ఈ పనినే 2002లో వాళ్లు ఏకంగా 19 పాటలకు చేశారు.

దాని వెనక కథ 1997 నవంబరులో వచ్చిన 'కమ్ ఆన్ ఓవర్'తో మొదలవుతుంది. కెనడా అమ్మాయి షనాయా, నిర్మాత మట్ లాంగ్ కలిసి రాసిన 16 పాటలు. అందులో 12 సింగిల్స్‌గా బయటికొచ్చాయి. బిల్‌బోర్డ్ కంట్రీ ఆల్బమ్స్ చార్టులో 50 వారాలు మొదటి స్థానంలో ఉంది, ప్రపంచమంతా కలిపి దాదాపు 4 కోట్ల కాపీలు అమ్ముడైంది. మట్ లాంగ్ అంతకుముందు ఏసీ/డీసీకి 'బ్యాక్ ఇన్ బ్లాక్', డెఫ్ లెపర్డ్‌కి 'హిస్టీరియా' చేసిన రాక్ మనిషి. అమెరికా కంట్రీ రేడియోకి ఫిడేలు, పెడల్ స్టీల్ (కడ్డీతో, కాలి పెడల్స్‌తో స్వరం జార్చే గిటార్ లాంటి వాద్యం) వినిపించాలి. యూరప్ పాప్ రేడియోకి అవే వాద్యాలు అడ్డు. అందుకని 1998లో బయటి దేశాలకు వేరే మిక్స్ తయారుచేశారు. ఫిడేలు, స్టీల్ తగ్గాయి, డ్రమ్స్, కీబోర్డు ముందుకొచ్చాయి. పాడింది మాత్రం అదే గొంతు.

'అప్!' దగ్గరికి వచ్చేసరికి ఆ దాపరికం వదిలేశారు. ఎరుపు డిస్క్ పాప్, ఆకుపచ్చది కంట్రీ, నీలం డిస్క్ మన సినిమా పాటల ఛాయలో. ఈ నీలం డిస్క్ చేసింది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కి చెందిన సైమన్, డైమండ్ దుగ్గల్ సోదరులు. ఉత్తర అమెరికాలో ఎరుపు, ఆకుపచ్చ జతగా అమ్మారు, మిగతా దేశాల్లో ఎరుపు, నీలం. అమెరికాలో మొదటి వారమే 8,74,000 అమ్ముడయ్యాయి. దానికి 11 ప్లాటినంల గుర్తింపు ఉందని చదివి 1.1 కోట్ల ఆల్బమ్‌లు అమ్మారనుకోకు. ఒక ప్లాటినం అంటే 10 లక్షల యూనిట్లు, కానీ అంత నిడివి ఉన్న రెండు డిస్కుల సెట్‌ని అక్కడ రెండు యూనిట్లుగా లెక్కిస్తారు. అంటే అమ్మింది 55 లక్షల సెట్లు. అదైనా ఎంత పెద్ద అంకో చూడు.

మన డబ్బింగ్ పాటలకు ఇది సరిగ్గా తలకిందుల పని. డబ్బింగ్‌లో వాద్యాలన్నీ అలాగే ఉంటాయి, గొంతూ మాటా మారతాయి. ఇక్కడ గొంతు, మాట, ట్యూన్ కదలవు, చుట్టూ ఉన్నదంతా మారుతుంది. కాబట్టి మొదటి రోజే గొంతు ట్రాక్‌ని మూడు ఇళ్లకూ సరిపోయే దూలంలా తయారుచేసుకోవాలి. నువ్వు పాప్ ట్రాక్ వింటూ పాడి, దానికి రివర్బ్ (గది మోత), డిలే (ప్రతిధ్వని) వేసి, అలాగే ఎగుమతి చేసిన ఫైలునే మిగతా రెండింట్లో వాడావు. ఆ పెద్ద హాలు రివర్బ్‌ని ఇక విడదీయలేం. గొంతు పొడిగా, 24 బిట్‌లో, ఏ ఎఫెక్టూ లేకుండా ఒక ఫైలుగా ఉండాలి. రివర్బ్ ఏ వెర్షన్‌కి ఆ వెర్షన్‌లోనే వేసుకో. హెడ్‌ఫోన్స్‌లో తాళం చెప్పే క్లిక్ కూడా తగ్గించు. రెండో చరణం ముందు నిశ్శబ్దంలో టిక్కుటిక్కుమని మైకులోకి దూరింది. పాప్‌లో హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జత తాళాలు) కింద దాక్కుంది, కంట్రీలో బయటపడిపోయింది.

ఇక కంట్రీలో దారి ఎక్కడ తప్పిందంటే నడ దగ్గర. నువ్వు పాడింది చతురశ్ర నడ, త-క-ధి-మి అని సమానంగా. కంట్రీ అనగానే షఫుల్ డ్రమ్స్ తెచ్చి కింద పరిచావు, అది తిశ్ర నడ. నీ పాట నిమిషానికి 100 బీట్లు, అంటే ఒక్కో బీటు 600 మిల్లీసెకన్లు. నీ గొంతులో సగం బీటు అక్షరం 300 దగ్గర పడుతుంటే, షఫుల్‌లో హై-హ్యాట్ 400 దగ్గర పడుతోంది. సెకనులో పదోవంతు తేడా, ఎవరి చెవికైనా దొరుకుతుంది. గొంతును ముక్కలుగా కోసి జరపాలని చూడకు, మాట నలిగిపోతుంది. డ్రమ్సే మార్చు. కంట్రీ అంటే షఫుల్ ఒక్కటే కాదు. సమాన నడలో స్నేర్ డ్రమ్ దెబ్బ బదులు దాని అంచు మీద కర్రతో కొట్టే సైడ్‌స్టిక్, బ్రష్‌లు, అకూస్టిక్ గిటార్ స్ట్రమ్మింగ్ పెట్టినా కంట్రీయే. టెంపో 100 నుంచి 92కి దించాలని రాశావు. అది 8 శాతం. అంత సాగదీస్తే దీర్ఘాల్లో గొంతు గరగరలాడుతుంది. రెండు మూడు శాతం దాటితే మళ్లీ పాడుకోవడమే మేలు.

పెడల్ స్టీల్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను. నీ ట్రాక్‌లో అది హవాయి గిటార్‌లా జారుతోంది, పెడల్ స్టీల్‌లా పలకడం లేదు. సాధారణంగా వాడే 'ఈ9' (E9) ట్యూనింగ్ వాద్యానికి 10 తీగలు, 3 పెడల్స్, మోకాలితో నెట్టే నాలుగైదు లివర్లు. ఎడమ చేతిలోని స్టీలు కడ్డీ జరిపితే తీగలన్నీ కలిసి జారతాయి. ఆ వాద్యం అసలు ఏడుపు మాత్రం పెడల్స్‌లో ఉంది. మొదటి పెడల్ పంచమం తీగలను చతుశ్రుతి ధైవతానికి లేపుతుంది. రెండోది అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి లేపుతుంది. షడ్జమం ఉన్నచోటే ఉంటుంది. రెండూ కలిపి తొక్కితే స-గ-ప కాస్తా స-మ-ద అవుతుంది, అంటే 1 కార్డు (షడ్జమం మీద కట్టిన మూడు స్వరాల కలయిక) 4 కార్డులోకి (మధ్యమం మీద కట్టినది) కరుగుతుంది. ఒక తీగ నిలబడి రెండు తీగలు కదలడమే ఆ వాద్యం ప్రాణం. నువ్వు కీబోర్డు మీద పిచ్ బెండ్ చక్రం తిప్పావు, మూడు స్వరాలూ కలిసి లేచాయి. మూడింటినీ మూడు వేరే ట్రాకుల్లో పెట్టు. షడ్జమానికి బెండ్ వద్దు, గాంధారానికి ఒక అర స్వరం, పంచమానికి రెండు. కొత్త కార్డు పడే బీటుకి సరిగ్గా చేరుకునేలా, పావు బీటు ముందు బెండ్ మొదలుపెట్టు. స్టీల్ వాయించేవాళ్లు కుడికాలితో వాల్యూమ్ పెడల్ కూడా నడుపుతారు, అందుకే మీటు వినపడకుండా స్వరం ఊపిరిలా వస్తుంది. వాల్యూమ్ గీత గీసి ఆ మీటు దెబ్బ తగ్గించు.

ఫిడేలుకి కర్ణాటక వయొలిన్ అబ్బాయిని పిలిచావన్నావు. మంచిదే, ఒక్క మాట ముందే చెప్పాల్సింది. నీది 5 శ్రుతి, అంటే పాశ్చాత్య స్వరాల్లో జీ. అతను స-ప-స-ప కట్టుకుంటే తీగలు జీ, డీ, జీ, డీ. కంట్రీ ఫిడేలు జీ, డీ, ఏ, ఈ. కింది రెండు తీగలూ ఒకటే, పై రెండూ ఒక్కో స్వరం ఎక్కువ. నీ శ్రుతిలో అవి స, ప, రి, ద అవుతాయి. కంట్రీ ఫిల్స్ (మాటల మధ్య ఖాళీలో వాయించే చిన్న ముక్కలు) ఎక్కువగా తిరిగేది స రి గ ప దల మీద, మన మోహనం స్వరాలే. పై రెండు తీగల్ని అలా బిగిస్తే రెండు తీగల మీద ఒకేసారి కమాను లాగినప్పుడు ఆ పల్లెటూరి గుబాళింపు దానంతటదే వస్తుంది. గమకం మానేసి గాంధారాన్ని కిందనుంచి ఒక్కసారి జార్చి నిలపమను. మోహనమని పేరు చెప్పకు, ఆలాపనలోకి వెళ్లిపోతాడు.

సినిమా వెర్షన్‌లో అపశ్రుతికి కారణం తంబూరా. స-ప మోగుతుండగా మూడో లైనులో 5 కార్డు వస్తుంది. ఆ కార్డులో స్వరాలు ప, ని, రి. కాకలి నిషాదం పక్కనే, అర స్వరం దూరంలో షడ్జమం నిరంతరం మోగుతోంది, అందుకే అక్కడ గుచ్చుతోంది. షడ్జమం తీసేసి పంచమం ఒక్కటే మోగించి చూడు. 1 కార్డులో ప ఉంది, 5 కార్డుకి ప ఆధారమే, 4 కార్డు స-మ-ద మధ్య అది తీయగా కలిసిపోతుంది. మూడు కార్డుల పాటకు అదొక్కటే చాలు. తబలా కుడిదాన్ని కూడా పంచమానికే, అంటే డీకి కట్టమను. సుమారు 5.25 అంగుళాల ముఖం ఉన్నది ఆ శ్రుతికి బాగా పలుకుతుంది. నువ్వు చివరి పల్లవిని ఒక స్వరం పైకి ఎత్తావు. అక్కడ తబలా పాత శ్రుతిలోనే ఉండిపోయింది. ఆ భాగాన్ని ఈ (E) స్వరానికి కట్టిన ఇంకో తబలాతో విడిగా రికార్డు చేయించు. ఎడమదాని గుమ్మనే మోత కాలితో కొట్టే కిక్ డ్రమ్‌తో కొట్టుకుంటోంది, రెండూ 60 నుంచి 120 హెర్ట్జ్‌ల మధ్యే. కిక్ తీసెయ్, కహర్వా తాళం ఎనిమిది మాత్రల్లో ఎడమ చేయే ఆ పని చేస్తుంది. నీలం డిస్క్‌లో తాళం బిగువుగా ఉన్న పాటలే నా చెవికి బాగా నిలిచాయి. నిదానం పాటల్లో మన వాద్యాలు అలంకారంగా మిగిలిపోయాయనిపిస్తుంది.

పాప్ వెర్షన్‌లో కోరస్ ఒక్కటే చూసుకో. మట్ లాంగ్ పాటల్లో గోడలా నిలబడే ఆ కోరస్ గొంతు మీద గొంతు పేర్చినది. నువ్వూ పేర్చావు, ఎనిమిది ట్రాకులు. కానీ ప్రతి ట్రాకులోనూ స, ష, చ అక్షరాలు తలో సమయానికి పడి జల్లెడ పట్టినట్టు వినిపిస్తోంది. ఒక్క ట్రాకులో వాటిని ఉంచి మిగతా ఏడింటిలో తగ్గించు. 150 హెర్ట్జ్‌ల కింద అన్నింట్లోనూ కోసెయ్.

మూడింటికీ వర్తించే తప్పు ఇంకొకటుంది. మాట నడుస్తుండగానే ఫిల్ మొదలవుతోంది. మాట స్పష్టత 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది, ఫిడేలు, స్టీల్, డిస్టార్షన్ గిటార్, సితార్ అన్నీ అక్కడే మెరుస్తాయి. చివరి అక్షరం ముగిశాకే ఫిల్ రావాలి, అదీ ఒక్క వాద్యమే. పల్లవి మొదటి సగం ఫిడేలుకి ఇస్తే రెండో సగం స్టీల్‌కి ఇవ్వు. గొంతు కింద నడిచే వాద్యానికి ఆ మేరలో రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే సరిపోతుంది, గొంతు పెంచే పని పడదు.

కార్డ్స్‌ని నేను 1, 4, 5 అని అంకెల్లో రాశాను చూశావా, కంట్రీ పాటల ఊరు నాష్‌విల్ స్టూడియోల్లో వాద్యకారులకు కాగితం అలాగే ఇస్తారు. శ్రుతి మార్చినా కాగితం మార్చక్కర్లేదు. నువ్వూ అలాగే రాసుకో.

ముందు మళ్లీ పాడు. క్లిక్, పంచమం తంబూరా తప్ప ఇంకేమీ వినకుండా పాడు, అప్పుడే గొంతు ఏ ఒక్క వెర్షన్ వైపూ ఒరగదు. ఆ పొడి గొంతు ఫైలొక్కటే నాకు పంపు. అది విన్నాకే వయొలిన్ అబ్బాయికి, తబలా ఆయనకి ఏ రోజు రావాలో చెబుదువుగాని.

ప్రేమతో,
నాన్న