స్టార్ట్ చేయగానే నీలం పొగ: బాబాయ్ గారికి, తమ్ముడికి నా కృతజ్ఞతలు

మూడు నెలలుగా నన్ను పట్టి పీడించిన టెన్షన్ ఈమధ్యే తీరింది. తీర్చిన ఇద్దరికీ నలుగురి ముందు దండం పెట్టుకోవాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఒకరు మెకానిక్ పని మానేసి చాలా ఏళ్లయిన పెద్దాయన. చుట్టం కాకపోయినా నేను బాబాయ్ గారూ అనే పిలుస్తాను. రెండో అతను ఆయన దగ్గర పని నేర్చుకున్న తమ్ముడు. పేర్లు రాయొద్దని ఇద్దరూ అన్నారు కాబట్టి రాయడం లేదు.

నాది పాత పెట్రోల్ కారు, మా నాన్న నడిపిన బండి. రాత్రంతా ఆగి ఉండి పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి గుప్పుమని నీలం పొగ వచ్చేది. ఓ పది సెకన్లు, అంతే. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి అర లీటరు దాకా ఇంజనాయిల్ తగ్గేది. రెండు చోట్ల చూపించాను. రెండు చోట్లా బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి, "ఇంజన్ బోర్‌కి వచ్చేసింది, దింపాల్సిందే" అన్నారు. అంటే సిలిండర్లు అరిగిపోయాయి, ఇంజన్ మొత్తం విప్పాలని. ఆ మాట విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

బాబాయ్ గారు పొగ ఏ రంగని ఒక్కసారే అడిగారు. ఎప్పుడెప్పుడు వస్తోందో మాత్రం పావుగంట అడిగారు. రాత్రి ఆగితేనేనా, గంటసేపు ఆగినా వస్తుందా? ఎత్తు ఎక్కుతుంటే అద్దంలో కనిపిస్తుందా? ట్రాఫిక్‌లో చాలాసేపు ఐడిలింగ్‌లో ఉంచి కదిలినప్పుడో? సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. నేనెప్పుడూ గమనించనే లేదు. "అయితే రేపు బండి ముట్టుకోకు, నేనొచ్చాకే తాళం తిప్పు" అన్నారు. చెప్పినట్టే ఆరింటికల్లా గుమ్మంలో ఉన్నారు.

సైలెన్సర్ వెనక జానెడు దూరంలో తెల్ల గుడ్డ పట్టుకుని స్టార్ట్ చేయమన్నారు. పొగ పోయాక గుడ్డ నాకు చూపించారు. సన్నటి జిడ్డు చుక్కలు, మాడిన నూనె వాసన. అంటే ఇంజనాయిలే మండుతోందన్నమాట. పొగ నల్లగా ఉండి పెట్రోల్ వాసన కొడితే ఇంజెక్టర్లూ సెన్సర్లూ చూడాలట. తెల్లటి పొగ ఇంజన్ వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, తియ్యటి వాసనేసి, కూలెంట్ తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్‌ని (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది భాగానికీ మధ్య ఉండే పొరని) అనుమానించాలి, అలాంటప్పుడు బండి నడపకూడదు. చల్లని పొద్దుల్లో కాసేపు కనిపించే పల్చటి తెల్లపొగ ఉత్త నీటి ఆవిరే. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు పుడుతుందని చెబితే నేను నోరు తెరుచుకుని విన్నాను.

తర్వాత నన్ను నడపమని ఆయన వెనక సీట్లో అద్దంవైపు తిరిగి కూర్చున్నారు. ఎత్తు ఎక్కినంతసేపూ పొగ లేదు. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఉంచి కాలు పూర్తిగా తీసేయమన్నారు. కిందికి రాగానే "ఇప్పుడు నొక్కు" అన్నారు. నొక్కగానే వెనక నీలం మబ్బు! పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితే ఎత్తులో లోడ్ మీద పొగ రావాలి. ఇక్కడ రాలేదు. కాలు తీసి దిగుతున్నప్పుడు ఇన్‌టేక్‌లో, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో, వాక్యూమ్ పెరుగుతుంది, గట్టిపడిన వాల్వ్ సీళ్ల (వాల్వ్ కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు ముక్కల) పక్కనుంచి ఆయిల్‌ని లోపలికి లాగేస్తుంది. రాత్రిపూట హెడ్‌లో మిగిలిన ఆయిల్ కూడా అదే దారిన వాల్వ్ కాడ వెంట దిగుతుంది, పొద్దున మండుతుంది.

అంత తేలినా ఆయన అక్కడితో ఆగలేదు, అదే నాకు బాగా నచ్చింది. పీసీవీ వాల్వ్ (ఇంజన్ అడుగున చేరే ఆవిర్లని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది) పట్టేసినా ఇంజన్ ఆయిల్ తాగుతుందని దాన్ని విప్పి చెవి దగ్గర ఊపారు. టిక్కుటిక్కుమంది, బాగుంది. నాలుగు ప్లగ్గులూ తీసి కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూశారు: 170, 165, 170, 168 పీఎస్ఐ. "రింగులు బంగారంలా ఉన్నాయి బాబూ, ఇంజన్ జోలికి ఎవర్నీ రానివ్వకు" అన్నారు. ఆ క్షణంలో నా కళ్లు చెమర్చాయి, దాచుకోను.

హెడ్ దింపకుండానే తమ్ముడు సీళ్లు మార్చాడు. పిస్టన్‌ని పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి పట్టించి, వాల్వ్ లోపలికి జారకుండా నిలబెట్టి స్ప్రింగ్ తీశాడు. అలా 16 సీళ్లు. స్ప్రింగ్‌ని పట్టి ఉంచే చిన్న చిన్న లాకులు ఇంజన్‌లోకి పడకుండా నూనె దారులన్నీ ముందే గుడ్డలతో మూసి పెట్టుకున్నాడు. పొద్దుపోయేదాకా ఒక్కసారీ విసుక్కోలేదు. పాత సీల్ ఒకటి నా చేతిలో పెట్టాడు. రబ్బరు అన్న మాటే లేదు, గోటితో నొక్కితే పెళుక్కున విరిగింది.

సైలెన్సర్‌లో మిగిలిన ఆయిల్ వల్ల మొదటి రెండు మూడు రోజులు కాస్త పొగ వచ్చింది. అది కూడా బాబాయ్ గారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి కంగారు పడలేదు. ఇప్పుడు 1,500 కిలోమీటర్లు దాటింది, డిప్‌స్టిక్ మీద గీత కదల్లేదు.

తమ్ముడూ, నీ చేతి పని చల్లగా ఉండాలి. బాబాయ్ గారూ, డబ్బు ముట్టనన్నారు, సరే. పొద్దున్నే మీరు పట్టుకున్న ఆ జిడ్డు చుక్కల గుడ్డని మాత్రం ఉతకలేదు, డాష్‌బోర్డు అరలో నాన్న కళ్లజోడు పక్కన పెట్టుకున్నాను.