కౌంటీ క్రికెట్ అంటే మనవాళ్ల స్కోరు ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

2025 జూన్‌లో తిలక్ వర్మ ఇంగ్లండ్ కౌంటీ (అక్కడి ప్రాంతీయ జట్టు) హాంప్‌షైర్ తరఫున ఆడిన మొదటి మ్యాచ్‌లోనే ఎసెక్స్ మీద సెంచరీ కొడితే మన పత్రికలన్నీ ఆ వార్త వేశాయి, చదివి చాలా సంతోషించాను. కానీ ఆ తర్వాత హాంప్‌షైర్ సంగతి ఏమైంది, పట్టికలో ఎక్కడుంది, మొదటి డివిజన్‌లో గట్టెక్కిందా లేదా అనేది ఎక్కడా కనబడలేదు. 2022లో పుజారా విషయంలోనూ ఇంతే. ససెక్స్‌కి ఎనిమిది మ్యాచ్‌ల్లో 1,094 పరుగులు చేశాడని మనందరికీ నోటికి వచ్చు, అంత చేసినా ఆ జట్టు రెండో డివిజన్‌లో కూడా అట్టడుగు దగ్గరే తిప్పలు పడిందని ఎంతమందికి తెలుసు?

నేను అడిగేది ఒక్కటే. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా వారానికి ఒకసారైనా కౌంటీల గురించి చిన్న కాలమ్ వేయండి, మనవాళ్లు ఆడుతున్నా ఆడకపోయినా. ఎందుకు అడుగుతున్నానో చెబుతాను, కాస్త పొడుగే అవుతుంది.

నేను సోమర్‌సెట్ అభిమానిని. రిచర్డ్స్, బోథమ్, గార్నర్ ముగ్గురూ ఒకే జట్టుకి ఆడేవాళ్లని చిన్నప్పుడు విని ఆ పేరు పట్టుకున్నాను, 1980లో మన గవాస్కర్ కూడా అక్కడ ఒక సీజన్ ఆడాడు. అప్పట్లో స్కోరు తెలియడమే గగనం. ఇప్పుడు కౌంటీలే తమ మ్యాచ్‌లని చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తున్నాయి, బీబీసీ లోకల్ రేడియో కామెంటరీ బంతి బంతికీ వినొచ్చు. అక్కడ పదకొండింటికి ఆట మొదలైతే మనకి మధ్యాహ్నం మూడున్నర, ఆఫీసు పని చేసుకుంటూనే ఒక చెవి అటు వేసి ఉంచొచ్చు.

1875లో పుట్టిన ఈ జట్టు కౌంటీ ఛాంపియన్‌షిప్ (నాలుగు రోజుల మ్యాచ్‌ల లీగ్) ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గెలవలేదు. 2001 నుంచి 2019 లోపు ఆరుసార్లు రెండో స్థానంలో ఆగిపోయింది. 2010లో నాటింగ్‌హామ్‌షైర్‌తో పాయింట్లు సమానమయ్యాయి, వాళ్లు ఒక మ్యాచ్ ఎక్కువ గెలిచారని కప్పు వాళ్లకి వెళ్లింది. 2016 ఇంకా ఘోరం. మనవాళ్లు (నాకు వాళ్లు మనవాళ్లే) చివరి మ్యాచ్ మూడు రోజుల్లో గెలిచేసి తమ సొంత మైదానం టాంటన్‌లో కూర్చున్నారు, లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్, యార్క్‌షైర్ మ్యాచ్ డ్రా అయితే చాలు టైటిల్ మనదే, అది కాస్తా వాళ్ల బౌలర్ రోలండ్-జోన్స్ హ్యాట్రిక్‌తో మిడిల్‌సెక్స్ పరమైంది. ఆ చివరి మ్యాచ్‌లోనే జేమ్స్ హిల్‌డ్రెత్ చీలమండ విరిగి కూడా 135 పరుగులు చేశాడు. ఈ హిల్‌డ్రెత్ పేరు మన పత్రికల్లో నేనెప్పుడూ చూడలేదు. ఫస్ట్‌క్లాస్‌లో 17 వేలకు పైగా పరుగులు చేసి, ఇంగ్లండ్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2022లో రిటైరయ్యాడు. అలాంటి ఆటగాణ్ని ఏళ్ల తరబడి చూసినవాళ్లకే అతని విలువ తెలుస్తుంది, టెస్టుల స్కోర్‌కార్డుల్లో వెతికితే దొరకడు.

ట్రెస్కోథిక్ మీకు తెలుసు, ఇంగ్లండ్ ఓపెనర్. డిప్రెషన్ వల్ల అంతర్జాతీయ క్రికెట్ వదిలేశాక కూడా సోమర్‌సెట్‌కి 2019 దాకా ఆడుతూనే ఉన్నాడు, 1993లో మొదలుపెట్టిన చోటే. 2019 చివరి మ్యాచ్ వర్షంతో డ్రా అవుతుంటే, టైటిల్ ఎసెక్స్‌కి పోతుంటే, ఆఖరి నిమిషాల్లో అతన్ని సబ్‌స్టిట్యూట్ ఫీల్డర్‌గా దింపారు. మైదానమంతా లేచి నిలబడింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక మన తెలుగు పాఠకులకి బాగా దగ్గరైన కథ ఒకటుంది, జాక్ లీచ్‌దీ షోయబ్ బషీర్‌దీ. ఇద్దరూ అప్పట్లో సోమర్‌సెట్ స్పిన్నర్లే, టాంటన్ పిచ్ అంతగా తిరుగుతుంది కాబట్టే అక్కడి జనం దాన్ని ముద్దుగా సైడరాబాద్ (అక్కడి ఆపిల్ పానీయం సైడర్, మన హైదరాబాద్ కలిపి) అంటారు. 2024 జనవరిలో హైదరాబాద్ టెస్టులో లీచ్ మోకాలికి దెబ్బ తగిలింది, అయినా కుంటుతూనే బౌలింగ్ చేశాడు. వీసా ఆలస్యమై ఆ టెస్టుకి అందుకోలేకపోయిన బషీర్ తర్వాతి మ్యాచ్‌లో, మన విశాఖపట్నంలో, 20 ఏళ్లకే అరంగేట్రం చేశాడు. అప్పటికి అతను ఆడింది ఆరంటే ఆరు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, మొదటి వికెట్ రోహిత్ శర్మ. ఇంతవరకు అందరూ రాశారు. తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. ఇంగ్లండ్‌కి బషీర్ మొదటి స్పిన్నర్ అయిపోయాడు, సోమర్‌సెట్‌లో మాత్రం లీచే మొదటివాడు, అందుకని ఆ కుర్రాడికి సొంత కౌంటీలో చోటు దొరక్క 2024లో వూస్టర్‌షైర్‌కి, 2025లో గ్లమోర్గన్‌కి లోన్ మీద (తాత్కాలికంగా అరువు ఆటగాడిగా) వెళ్లి ఆడాల్సి వచ్చింది. దేశానికి ఆడుతున్న బౌలర్‌కి ఊరి జట్టులో చోటు లేదు, ఊరి జట్టులో రోజూ వికెట్లు తీసే బౌలర్‌కి దేశం జట్టులో చోటు లేదు! అభిమానిగా ఎవరి పక్షం ఉండాలో తెలియక నేను పడిన అవస్థ అంతా ఇంతా కాదు, చివరికి నా ఓటు లీచ్‌కే, ఇప్పటికీ.

2025 జులై 14న లార్డ్స్‌లో సిరాజ్ అడ్డుకున్న బంతి మెల్లగా దొర్లుతూ వెళ్లి వికెట్లని తాకింది చూడండి, 22 పరుగులతో మనం ఓడిన ఆ మ్యాచ్, ఆ బంతి వేసింది ఈ బషీరే, విరిగిన వేలితో. సిరాజ్ బాధ మనదే, కాదనను. కానీ ఆ ఏడాదిన్నర కథ తెలిసినవాళ్లకి ఆ క్షణం ఇంకోలా కూడా కనబడింది. ఇదే సిరాజ్ 2022లో వార్విక్‌షైర్‌కి తన మొదటి మ్యాచ్ ఆడి ఐదు వికెట్లు తీసింది సోమర్‌సెట్ మీదే, ఆ రోజు నా మనసు రెండుగా చీలిపోయింది.

2024 సెప్టెంబర్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. టాంటన్‌లో సర్రే మీద ఆర్చీ వాన్, ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ మైకేల్ వాన్ కొడుకు, 18 ఏళ్ల పిల్లాడు, 11 వికెట్లు తీశాడు. చీలమండ బెణికిన టామ్ బాంటన్ కుంటుతూ వచ్చి రెండో ఇన్నింగ్స్‌లో 46 చేశాడు. 221 లక్ష్యంతో దిగిన సర్రే ఆట ముగియడానికి నిమిషాల ముందు 109కి ఆలౌటైంది, ఆ టెన్షన్ ఐపీఎల్ ఫైనల్లో కూడా నాకు ఎప్పుడూ రాలేదు. ఆ నెలలోనే మిగతా అన్నీ పోయాయి, టీ20 బ్లాస్ట్ (కౌంటీల టీ20 టోర్నీ) ఫైనల్ గ్లోస్టర్‌షైర్‌కి, వన్డే కప్ ఫైనల్ గ్లమోర్గన్‌కి, ఛాంపియన్‌షిప్ అదే సర్రేకి. మరుసటి ఏప్రిల్‌లో ఆ బాంటనే వూస్టర్‌షైర్ మీద 371 కొట్టి లాంగర్ పేరిట ఉన్న 342 సోమర్‌సెట్ రికార్డు దాటేశాడు, సెప్టెంబర్‌లో విల్ స్మీడ్ 94 పరుగులతో బ్లాస్ట్ కప్పు తెచ్చిపెట్టాడు. ముందు ఏడాది ఓటములు చూసి ఉండకపోతే ఆ కప్పుకి నేను అంతగా గంతులేసేవాణ్ని కాదు.

ఆగస్టు వస్తే మాత్రం బాధగా ఉంటుంది. పెద్ద ఆటగాళ్లందరూ ది హండ్రెడ్‌కి (వంద బంతుల టోర్నీకి) వెళ్లిపోతారు, వన్డే కప్‌లో పిల్లలే మిగులుతారు. నేను ఆ మ్యాచ్‌లూ వదలను. జేమ్స్ రూ 19 ఏళ్ల వయసులో ఛాంపియన్‌షిప్‌లో హాంప్‌షైర్ మీద డబుల్ సెంచరీ కొట్టాడు, అతని తమ్ముడు థామస్ కూడా అదే జట్టులోకి వచ్చాడు, ఇలాంటి పేర్లు ముందే తెలిసి ఉంటే రేపు వాళ్లు మన దేశానికి టెస్టు ఆడటానికి వచ్చినప్పుడు మన పాఠకులకి కొత్తవాళ్లలా ఉండరు.

కాబట్టి పెద్ద వ్యాసాలు అక్కర్లేదు. 18 కౌంటీలు, రెండు డివిజన్లు, ఒక్కో జట్టుకి 14 నాలుగు రోజుల మ్యాచ్‌లు, వారం వారం ఎవరు గెలిచారు, పట్టికలో ఎవరు ఎక్కడున్నారు, బాగా ఆడిన కుర్రాడు ఒకరి గురించి నాలుగు వాక్యాలు, అంతే. ఐపీఎల్ వేలం గురించి పేజీలకు పేజీలు వేస్తున్నప్పుడు దీనికి అర కాలమ్ చోటు దొరక్కపోదు. రాసేవాళ్లు లేరంటే, ప్రతి సోమవారం నేనే రాసి పంపిస్తాను, డబ్బులేమీ వద్దు. వచ్చే ఏప్రిల్‌లో మొదటి రౌండ్ మ్యాచ్‌లతోనే మొదలుపెడదాం, ఆలోచించండి.

ఇట్లు,
మీ క్రీడా పేజీ పాఠకుడు